పిట్టల సారు, మా బామ్మర్ది ఆటో

“తాతా, ఫోన్ ఆన్ చేసిన. పిట్టల సారు ముచ్చట మొదటికెల్లి చెప్పు. మా టీచర్ అయిదు నిమిషాలల్ల అయిపోవాలన్నది.”

అయిదు నిమిషాలల్ల నాకు గొంతు గూడ సాఫ్ కాదు బిడ్డా. మీ టీచర్‌కు చెప్పు, మా తాత ముప్పై ఏండ్లు సర్కారు జీపు తోలిండు, ఏ పనీ టైముకు అయిపోయే అలవాటు లేదు అని. ఆ, గా ఎర్ర చుక్క వెలిగితె ఇంటున్నట్టేనా? మనుషులకన్న నయం.

నా పేరు హర్యా నాయక్. మాది పెద్దవంగర పక్కన తండ. గిది నీకెర్కే గని, ఫోనుకు తెల్వది గదా. అడివి ఆఫీసుల డ్రైవర్ నౌకరి చేసిన. డ్రైవర్ అంటె పెద్ద సార్లు పోయేకాడికి తీస్కపోవుడు, వాళ్లు తినేదాక చెట్టు కింద కూసునుడు, మల్ల తీస్కొచ్చుడు. గంతే. గీ పనికి పెన్షన్ గూడ ఇస్తున్నరు, మంచోళ్లు.

గప్పుడు పట్నంల పెద్దాఫీసుకెల్లి ఒక సారు వస్తుండె. ఆయన పేరు మంచి పొడుగు పేరు, నాకు నోరు తిరగకపోయేది. నేను పిట్టల సారు అంటుంటి. ప్రతి యేడు మోదుగు పూసే యాళ్లకు దిగుతడు. సలి పోయి ఎండ ముదరకముందు, దూరదేశాలకెల్లి మన చెరువులకు వచ్చిన పిట్టలు వాపస్ పోతందుకు తయ్యారైతయట. అవి పోయేలోపల ఎన్నున్నయో, ఎన్నడు రానియి ఏమన్న వచ్చినయో లెక్క రాయాలె. పాలకుర్తి దిక్కు చెరువులు, కేసముద్రం దిక్కు చేన్లు, ఆఖరికి భూపాలపల్లి అడివిల వాగు. గిదీ ఆయన తొవ్వ. లోకంల మందికి ఎన్నో తిప్పలుంటయ్, ఈయనకు బాతులు లెక్కవెట్టే నౌకరి. దానికి జీతం, జీపు, నేను.

మొదట్ల రెండు మూడేండ్లు నేనేం పట్టించుకోలే. ఆయన దుర్బీన్ కండ్లకు వెట్టుకొని కట్ట మీద కూసుంటె నేను జీపు కింద పండుకునేది. తర్వాత తర్వాత నిద్ర రాక సూసుడు మొదలువెట్టిన. సూడంగ సూడంగ నాకు గూడ ఏది ఏదో తెల్వవట్టె. అయితే చెప్పనిచ్చేటోడు గాదు. “సార్, బాతులు వచ్చినయ్” అంటె, “వచ్చినయ్ కాదు హర్యా, వచ్చాయి” అంటడు. “గవి లేస్తున్నయ్ సార్” అంటె, “అవి లేస్తున్నాయి” అంటడు. నేను చెప్పి, ఆయన దిద్ది, ఇద్దరం తలకాయ ఎత్తేసరికి బాతులు ఏ ఊరు దాటెనో.

కోపం రాలేదా అంటె, ఎవరి మీదని కోపం చేస్త బిడ్డా. ఇంట్ల మా యాడి నేర్పిన భాష వేరే. యాడి అంటె అమ్మ, మీ టీచర్‌కు తెల్వదేమో, చెప్పు. బడికి పోతె ఊరోళ్ల పిలగాండ్లు నా మాట ఇని నవ్విరి. సరె అని ఊరోళ్ల తెలుగు నేర్చుకున్న. కష్టపడి నేర్చుకున్నంక ఈయనొచ్చి, అది గూడ తప్పే అన్నడు. సిన్మాలల్ల సూస్తె మనలెక్క మాట్లాడేటోడు ఒకటి రౌడీ, లేకపోతె పనోడు. మా తండోళ్లం అసలు సిన్మాలల్లనే లేము, గంత అదృష్టం.

ఇగ ఆ యేడు. తెలంగాణ కావాలని లొల్లి జోరు మీదున్నది. మీ నాయిన గప్పుడు హన్మకొండల డిగ్రీ చదువుతుండె. చదువుతుండె అంటున్న గని, పుస్తకం ముట్టింది నేను సూడలే. రోజు ఊరేగింపులు, రోజు ధర్నాలు. ఒకపారి లాఠీ దెబ్బ తిని భుజం వాచి ఇంటికొచ్చిండు. మీ నానమ్మ ఉప్పు కాపడం వెట్టుకుంట ఏడ్సింది. నేను ఏడ్వలే, బయటికి పోయి నిలవడ్డ. గది వేరే ముచ్చట.

ఆ మోదుగుపూల దినాలల్లనే సర్కారు ఆఫీసులల్ల సహాయ నిరాకరణ వెట్టిండ్రు. అంటె ఆఫీసుకు రావాలె, కుర్సీల కూసోవాలె, పని చెయ్యొద్దు. మా ఆఫీసుల కొందరికి తేడా ఏందో సమజ్ గాలే. ఒక క్లర్కు నన్ను అడిగిండు, గిదివరకు మనం చేసింది ఏంది మరి అని. నేను మాత్రం యూనియన్ కాయిదం మీద సంతకం వెట్టిన. మనసుతోనే వెట్టిన. జీపు టైర్లల్ల గాలి దీసింది గూడ నేనే, ఎవరో తీస్తె వాల్వులు ఖరాబ్ చేస్తరని.

గట్ల గాలి దీసిన రెండో రోజో, కాదు కాదు మూడో రోజు, పొద్దుగాల బస్సు దిగి సారు గేటు కాడికి వచ్చిండు. భుజానికి సంచి, మెడల దుర్బీన్. యూనియన్ ప్రెసిడెంట్ ఎదురువోయి, జీపు కదలది సార్, ఆంధ్రకే పోయి లెక్కవెట్టుకో బాతులను, అన్నడు. నలుగురు నవ్విరి. నేను గూడ కొంచెం నవ్విన, అబద్ధమెందుకు. సారు నన్ను గూడ అడగలే. జీపు టైర్లను సూసిండు, నన్ను సూసిండు, “నడిచి వెళ్తాను” అని పాలకుర్తి తొవ్వ వట్టిండు. ఆయనకది పన్నెండో యేడు, ఆఖరి యేడు. వచ్చే నెలల రిటైర్. ఒక్క యేడు తప్పినా పన్నెండేండ్ల లెక్కల సందు వడ్తదని ఆయన రంది.

నాకేం జాలి రాలే బిడ్డా. ఆయన తొవ్వ తప్పుతె మల్ల ఎతికేది నేనే గదా, గదే అనుకున్న. గంట సేపు కుర్సీల కూసున్న. పని చెయ్యకుంట కూసునుడు సంతకం వెట్టినంత అల్కగ లేదు. లేసి మా బామ్మర్ది ఇంటికి పోయిన. ఆయనకొక డీజిల్ ఆటో ఉండె. వారం దినాలకు ఇయ్యి అన్న. ఎందుకు అన్నడు. పిట్టలు సూస్తందుకు అన్న. నా మొఖం దిక్కు జర సేపు సూసి, అక్క నీకేమన్న అన్నదా బావా, మంచిగనే ఉన్నరా, అని తాళంచెవి ఇచ్చిండు.

పాలకుర్తి దాపుల దొరికిండు సారు. చెమటతోని అంగీ వీపుకు అతుక్కున్నది. ఎక్కుండ్రి అన్న. ఎక్కిండు. ఇది గవర్నమెంటు బండి కాదు కదా అన్నడు. కాదు సార్, నేను గూడ ఇయ్యాల గవర్నమెంటు కాదు అన్న.

ఆ పాలకుర్తి చెరువుల, నీళ్లు సగం ఇంకిపోయినయ్, ఒండ్రు మీద తల మీద రెండు నల్ల గీతలున్న బాతులు కూసున్నయ్. హిమాలయాల మీదికెల్లి ఎగిరి పోతయట అవి, ఊపిరి అందని ఎత్తుల. సారు లెక్కవెట్టుకుంట కూసున్నడు. చాయ్ హోటల్ కాడ మూడు రూపాయల చాయ్ తెచ్చిచ్చిన. మూడు రూపాయలు, సూడు, ఇప్పుడు పదిహేను పెట్టినా గా నీళ్లు గిట్ల నోట్లె పొయ్యబుద్ధి గాదు. ఏమంటున్న... ఆ, కేసముద్రం.

తెల్లారి కేసముద్రం పోతుంటె రైలు గేటుకు ఇవతల రోడ్డు బంద్. వంటావార్పు. అంటె బిడ్డా, రోడ్డు మీదనే పొయ్యిలు వెట్టి, వండి, అక్కడ్నే తినుడు, బండ్లు పోనియ్యకపోవుడు. మార్కెట్‌కు పత్తి తెచ్చిన ట్రాక్టర్లు బారులు కట్టి ఆగినయ్. రోడ్డు మీద అందరికన్న ముందల చేతులు అడ్డం వెట్టి నిలవడ్డది ఎవరనుకున్నవ్? మీ నాయిన. తెలంగాణల గన్ని రోడ్లున్నయ్, హన్మకొండకెల్లి వచ్చి మా ఆటో ముందలనే నిలవడాలె.

“దిగు నాయినా” అన్నడు.

టికెట్ చెక్ చేస్తున్నవా బిడ్డా అన్న. నవ్వలే. వెనక సీట్ల సారును సూసిండు, మెడల దుర్బీన్ సూసిండు. గింతల ఎవరో సారును అడిగిండ్రు, మీదే ఊరు అని. హైదరాబాద్ అంటె అయిపోవు గదా. ఆయన అబద్ధమాడడు, గదే ఆయనతోని తిప్పల. “రాజోలు దగ్గరండీ” అన్నడు. రాజోలు ఎక్కడుందో ఆడ ఎవ్వలకు తెల్వది గని, గా ‘అండీ’ ఒక్కటి సాలు. ఆటో చుట్టు మూగిండ్రు. ఆ దినాలల్ల పోలీసోళ్లు ధర్నాలకాడ ఫోటోలు తీసి, ఎనక ఇండ్లకొచ్చి పిలగాండ్లను వట్టుకపోతుండె. మీ నాయిన దోస్తులను గూడ గట్లనే వట్టుకపోయిండ్రు. గందుకని వాళ్లకు అనుమానం రాకపోతె ఎట్ల.

మీ నాయిన దుర్బీన్ గుంజుకొని అన్నడు, “వీళ్లు మన మొఖాలు గుర్తువెట్టుకుంటందుకు వచ్చిండ్రు. మా నాయినకు తెల్వదు, తోలుమంటె తోల్తడు.”

తెల్వదు అన్నడు బిడ్డా నన్ను. గంతమంది ముందల. నేను గూడ తెలంగాణ కోసం యూనియన్ కాయిదం మీద సంతకం వెట్టినోన్నే గదా. మా ఆఫీసుల అన్నరు, పడ్డ. ఇంట్లోడు అంటె...

ఆడ పొయ్యి కాడ పప్పుచారు కలుపుతున్న ముసలవ్వ ఒకామె ఉండె. కొమురవ్వ అని పిలుస్తున్నరు అందరు. చెయ్యి కొంగుకు తుడుసుకుంట వచ్చి, ఏందిరా గది అని దుర్బీన్ అందుకున్నది. ఎట్ల సూడాలె అన్నది. సారు ఆటో దిగి, భయపడుకుంటనే, ఎర్రగ పూసిన బూరుగు చెట్టు దిక్కు చూపిచ్చిండు. చెట్టు నిండ పిట్టలు. ఒళ్లు గులాబి రంగు, తలకాయ నలుపు, పూలల్ల తలలు వెట్టి ఒకటే లొల్లి. మేమందరం దాని కింద నిలవడి లొల్లి చేస్తున్నం, ఒక్కలం గూడ పైకి సూడలే.

అవ్వ సూసింది. చాన సేపు సూసింది. ఓయమ్మ, గివి జొన్న పిట్టలు, అన్నది. నా చిన్నప్పుడు జొన్నచేన్ల మంచె ఎక్కి వడిసెల తోటి రాళ్లు ఇసిరి కొట్టిన వీటిని, గింత దగ్గర మొఖం ఎన్నడు సూడలే, అన్నది. సారు సంచిలకెల్లి బుక్కు తీసి, ఏ పిట్టలన్నారమ్మా, అని అడిగి రాసుకున్నడు. ఇరాన్ అవతలకెల్లి వస్తాయమ్మా, అంత దూరం, అన్నడు.

“బయటికెల్లి వచ్చి మన జొన్నలు తింటున్నయన్నట్టు” అన్నది అవ్వ.

“వచ్చే నెలలో వెళ్ళిపోతాయమ్మా.”

“మంచి పిట్టలు” అన్నది.

జనం పగలబడి నవ్విరి. సారు గూడ నవ్విండు, చెవులు ఎర్రగైనయ్ గని నవ్విండు. ఇగ అందరికి దుర్బీన్ కావాలె. పత్తి ట్రాక్టర్లోళ్లు గూడ దిగొచ్చి లైన్ల నిలవడ్డరు. మీ నాయిన మాత్రం పక్కకు పోయి నిలవడ్డడు. ఒక పోరడు సారుతోని జై తెలంగాణ అనిపియ్యాలన్నడు. అవ్వ గంటె చూపెట్టి, ఆకలికొచ్చినోన్ని కూసోవెట్టి పెట్టాలె గని పరీక్ష వెడ్తరా, అని ఇస్తారేసింది. పప్పుచారు, పచ్చి మిరపకాయ తొక్కు. ఆ తొక్కు మేమే నీళ్లు తాగుకుంట తిన్నం. సారు వద్దంటె బాగుండదని అంతా తిన్నడు. కండ్లకెల్లి నీళ్లు. మన ఉద్యమం సూసి ఏడుస్తున్నడు అనుకున్నరు కొందరు.

ఆటో ఎక్కుతుంటె మీ నాయిన వచ్చి, పని బంద్ వెట్టుమంటె నువ్వు పని చేస్తున్నవ్, అన్నడు. నేను పని చేస్తలే బిడ్డా, తోల్కపోతున్న అన్న. సమజ్ చేసుకోలే. మూడు నెలలు నాతోని మాట్లాడలే. మీ నానమ్మతోని చెప్పిచ్చేది, ఆయనను ఉప్పు ఇటియ్యుమను అని. పక్కపక్కన్నే కూసోని.

ఇగ అసలు ముచ్చట ఇప్పుడు. మరునాడు పొద్దుగాల భూపాలపల్లి అడివిల వాగు కాడికి పోయినం. పన్నెండేండ్లకెల్లి సారు ఆడికి పోతున్నది ఒక్కటే పిట్ట కోసం. నల్ల కొంగ. ఎక్కడో చలిదేశంకెల్లి వస్తదట, మనుషులున్నకాడ వాలదట. ఎన్కటికెవరో ఆ వాగుల సూసిన్నని రాసిండట. పదకొండేండ్లు ఆ ఇసుకల కూసున్నడు. ఒక్కపారి ఈక గూడ దొరకలే.

ఆ పొద్దు ఏమైందంటె, కేసముద్రం తొక్కు పని చేసుడు మొదలువెట్టింది. నవ్వకు. పాపం మనిషి తెల్లారకముందే నాలుగుసార్లు పొయ్యొచ్చిండు. ఎండ పొడిసినంక మల్ల బాటిల్ వట్టుకొని పొదల అవతలికి పోయిండు. దుర్బీన్ నా మెడల ఏసి, చూస్తుండు అన్నడు.

పోయి రెండు నిమిషాలు గాలే. మూడు పిట్టలు దిగినయ్. సప్పుడు లేదు. పెద్దయి, నా నడుము దాక ఉంటయ్. వాగుల నిలవడి ఒకటి నీళ్లల్ల ముక్కు ముంచింది. ఎండ తగిలి మెడ నెమలి రంగు, వంకాయ రంగు, మల్ల నలుపు. సారూ అని పిలుస్తె లేసిపోతయ్. పిలవకపోతె ఆయన సూడడు. పదకొండేండ్లు బిడ్డా. పిలవలే నేను. ఎందుకు పిలవలేదో ఇప్పటికి తెల్వది. ఆయన కోసం ఆగిన్నో, నేనే ఇంకో జర సేపు సూడాలని ఆగిన్నో. ఒక బీడీ కాలేంత సేపున్నయ్. పొద కదిలింది, లేసిపోయినయ్.

సారు వచ్చేసరికి నీళ్లు ఊగుతున్నయ్ గంతే. నా మొఖం సూసిండు. ఇసుకల కూలవడ్డడు.

చాన సేపటికి అడుగుడు మొదలువెట్టిండు, పోలీసోని లెక్క. ముక్కు ఏ రంగు. ఎర్రగ అన్న. కాళ్లు. ఎర్రగనే. కడుపు. సున్నం ఏసినంత తెల్లగ. మెడ తెల్లగుందా అన్నడు, తప్పు చెప్పిస్తందుకు. మెడ తెల్లగుండేది వేరే కొంగ సార్, గది నాకు ఎర్కే, గిది నలుపు అన్న. కండ్లు మూసుకున్నడు.

“నేను చూడనిది పన్నెండేళ్లలో ఒక్కటీ రాయలేదు హర్యా.”

“రాయకుండ్రి సార్, నాకేంది” అన్న. నిన్న కొడుకు, ఇయ్యాల ఈయన. నాకు తెల్వదు అనేటోళ్లే అందరు.

ఆయన బుక్కు తీసిండు. పెన్ను మూత తీసి, చెప్పు అన్నడు. నేను ఆయన మనసుకు మంచిగుండాలని, “మూడు నల్ల కొంగలు వచ్చాయి సార్” అన్న.

పెన్ను ఆపిండు. “అలా కాదు. నువ్వు నీకు ఎలా చెప్పుకుంటావో అలా చెప్పు. నేను రాస్తాను.”

చెప్పిన. ఒక్కొక్క మాట రాసుకున్నడు, నేను చెప్పినట్టే. మబ్బులకెల్లి దిగినయ్ అంటె దిగినయ్ అనే రాసిండు. కింద తన మాట రాసి సదివిండు. నేను చూడలేదు, హర్యా నాయక్ చూశాడు, నమ్ముతున్నాను, అని. సంతకం వెట్టిండు. మల్ల బాటిల్ వట్టుకొని పోయిండు, పాపం.

వాపస్ వచ్చినంక నాకు మంచి ఇజ్జత్ దొరికింది. పని చేసినవని యూనియనోళ్లు నన్ను చాయ్‌కు పిలుసుడు బంద్ వెట్టిండ్రు. నాలుగు దినాలు పనికి రాలేదని ఆఫీసర్ మెమో ఇచ్చిండు. రెండు ఒకటే దినం. మా బామ్మర్ది, ఆటోల పిట్టలేమన్న రెట్ట ఏసినయా అని అడిగి, కడిగిచ్చుకున్నడు.

తెలంగాణ వచ్చింది. ఆ దినం నేను గూడ ఎగిరిన, మీ నాయిన నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నడు. ఎత్తి, నాయినా బరువెక్కినవ్ అని వెంటనే దించిండు. కొన్నేండ్లకు మన ఆఫీసోళ్లు, మనోళ్లే, పిట్టల మీద రంగుల పుస్తకం ఏసిండ్రు. నాకొకటి ఇచ్చిండ్రు. భూపాలపల్లి కాడ సూస్తె ఏమున్నది? ‘మూడు నల్ల కొంగలు దర్శనమిచ్చినట్లు క్షేత్రస్థాయి సిబ్బంది తెలియజేశారు.’ దర్శనమట. వాగుకు గుడి కట్టినట్టు. నా పేరు లేదు, నేను క్షేత్రస్థాయి సిబ్బంది. రాజోలాయన దిద్దకుంట రాస్తె, మనోళ్లు దిద్దిండ్రు. గందుకే గదా కొట్లాడింది.

ఊర్లున్న సారుకు ఫోన్ చేసిన. ఆఫీసుకు జాబు రాస్తా అన్నడు. రాసిండు గూడ, మూడుసార్లు. మన ఆఫీసు జాబులకు జవాబిచ్చుడా... మేమున్నప్పుడే ఇయ్యలే. ఆఖరికి ఆయన బుక్కుల ఆ పేజీ మొత్తం కత్తిరిచ్చి పోస్టుల పంపిండు. పన్నెండేండ్ల బుక్కులకెల్లి. మీ నాయిన సదివి ఇనిపిచ్చిండు. మధ్యల ఒకకాడ ఆగిండు, మల్ల సదివిండు.

పోయిన మోదుగుపూలప్పుడు, తను పని చేసే కేసముద్రం మార్కెట్ల సెలవు దొరికిన దినం, నాయినా భూపాలపల్లి పోదమా అన్నడు మీ నాయిన. నేను అడగలే, వాడే అన్నడు. బండి మీద పోయినం. మోకాళ్లు గుంజుతున్నయని నన్ను దించి, ఇసుకల తువ్వాల పరిచి కూసోవెట్టిండు. తెల్లారినకాడికెల్లి ఎండ నెత్తికొచ్చేదాక కూసున్నం. ఏం రాలే. ఒక్క కాకి వచ్చింది. మీ నాయిన ఫోన్ గూడ తియ్యలే బిడ్డా, నువ్వు నమ్మవు. లేసేటప్పుడు, ఎటుదిక్కుకెల్లి దిగినయ్ నాయినా అని అడిగిండు. చెయ్యి వెట్టి చూపిచ్చిన. ఆడికే సూసుకుంట నిలవడ్డడు.

అయిదు నిమిషాలు అయినయా? అయినయి తియ్యి. నీ కండ్లు సల్లగుండ, నూరేండ్లు మంచిగ సూడు. ఇగ గా ఎర్ర చుక్క బంద్ చెయ్యి, మీ నాయిన వచ్చే యాళ్లయింది, అన్నం...